అంబులెన్స్ బిల్లు: ధర ఎవరు వేస్తారు, బీమా ఎంత కడుతుంది

మూడేళ్ల కిందట ఒక రాత్రి మా బాబాయికి ఉన్నట్టుండి మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవలేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, స్కాన్ చూసిన డాక్టరు వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. గేటు పక్కనే అంబులెన్స్ ఉంది. బాబాయిని ఎక్కించి ఆక్సిజన్ పెట్టారు. పిన్ని ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది, తమ్ముడు డ్రైవర్ పక్కన. ఎంతవుతుందని తమ్ముడు అడిగితే "ముందు పేషెంట్‌ను చేర్చనివ్వు అన్నా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు డ్రైవర్. హైదరాబాద్‌లో దించాక 16,000 అన్నాడు. ఆ సమయంలో బేరం ఎవరు ఆడతారు? తమ్ముడు ఫోన్‌లోనే డబ్బు పంపాడు. రసీదు అడిగితే జేబులోంచి ఒక చీటీ తీసి "పేషెంట్ షిఫ్టింగ్ 16,000" అని రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

బాబాయి కోలుకున్నారు. ఆయనకు ఆరోగ్య బీమా ఉంది కాబట్టి ఆసుపత్రి బిల్లు దాదాపు అంతా క్యాష్‌లెస్‌లో పోయింది. అంబులెన్స్ చీటీ మాత్రం వెనక్కి వచ్చింది. దాని మీద బండి నంబరు లేదు, తేదీ లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికో లేదు. తమ్ముడు మళ్లీ సూర్యాపేట వెళ్లి, ఆ బండి యజమానిని వెతికి పట్టుకుని, పూర్తి వివరాలతో బిల్లు రాయించుకొచ్చాడు. అది పంపాక వచ్చింది 2,000.

ఆ 16,000 ఎవరు లెక్కగట్టారు? ఈ 2,000 ఎవరు లెక్కగట్టారు? మొదటిది డ్రైవర్ నోటి నుంచి వచ్చింది, రెండోది పాలసీ కాగితం నుంచి వచ్చింది. రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ధరల మీద కోపం వచ్చినప్పుడు మనం డ్రైవర్లను తిడతాం, క్లెయిమ్ తగ్గినప్పుడు బీమా కంపెనీని తిడతాం. చట్టాలూ జీవోలూ పాలసీ పత్రాలూ చదివాక నాకు అర్థమైంది, ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావని. ధర ఇంత అని ఎవరూ చెప్పనంత కాలం, బీమా కంపెనీ తనకు తోచిన పరిమితి పెట్టుకుంటుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా అంతా రోగి ఇంటివాళ్ల జేబులోంచే పోతుంది.

పర్మిట్ అక్కర్లేని బండి

ఆటోకు మీటరు ఉంటుంది, ఆర్టీసీ బస్సుకు కిలోమీటరు లెక్కన ఛార్జీ ఉంటుంది. అంబులెన్స్‌కు ఎందుకు లేదు? జవాబు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉంది. అద్దెకు తిరిగే ఏ బండికైనా పర్మిట్ ఉండాలని 66వ సెక్షన్ చెబుతుంది. బస్సులు, కాంట్రాక్ట్ బళ్లు, సరుకు రవాణా బళ్ల ఛార్జీల మీద ఆదేశాలిచ్చే అధికారాన్ని 67వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తుంది. అయితే 66వ సెక్షన్‌లోనే కొన్ని బళ్లకు పర్మిట్ మినహాయింపు ఉంది. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ పనులకు మాత్రమే వాడే బళ్లు అందులో ఉన్నాయి. శవాన్ని, వెంట వెళ్లే బంధువులను తీసుకెళ్లే బళ్లు కూడా ఉన్నాయి.

ఆ మినహాయింపు ఉద్దేశం మంచిదే. ప్రాణం మీదికొచ్చిన మనిషిని తీసుకెళ్తున్న బండిని జిల్లా సరిహద్దులో ఆపి పర్మిట్ అడగకూడదు కదా. కానీ ఆ చట్టం రాసిన రోజుల్లో అంబులెన్స్ అంటే ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రిదో, ధర్మసంస్థదో. ఇప్పుడది ఒక వ్యాపారం. పర్మిట్ లేకపోతే పర్మిట్ షరతులూ ఉండవు. ఎంత తీసుకోవాలి, బండిలో పట్టిక పెట్టాలా, రసీదు ఇవ్వాలా అన్న ప్రశ్నలు ఆ మినహాయింపుతోనే పక్కకు పోయాయి.

బండి ఎలా ఉండాలో మాత్రం నియమం వచ్చింది. ఏఐఎస్-125 అనే ప్రమాణం ప్రకారం రోడ్డు అంబులెన్సులు నాలుగు రకాలు. మోటారు వాహన నిబంధనల్లోకి దీన్ని 2016లో తెచ్చారు, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ రకం, ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసేది. బీ రకం, నిలకడగా ఉన్న రోగిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చేది. సీ రకంలో ప్రాణాధార పరికరాలు కొన్ని ఉంటాయి, వాడుకలో బీఎల్ఎస్ అంటారు. డీ రకంలో వెంటిలేటర్ దాకా ఉంటుంది, అదే ఏఎల్ఎస్. బీ రకం బండిలో ఒక సిలిండర్ పడేసి "ఆక్సిజన్ అంబులెన్స్" అంటే రోగి బంధువుకు తేడా తెలియదు. నాలుగు రకాలు నిర్ణయించిన ప్రభుత్వం, ఏ రకానికి ఎంత అన్నది మాత్రం ఖాళీగా వదిలేసింది.

పోనీ వైద్య శాఖ చూస్తుందా? తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమల్లో ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు 2002లో చేసుకున్న సొంత చట్టం ఉంది. రెండింటి చూపూ ఆసుపత్రి భవనం మీద, పడకల మీద, సిబ్బంది మీద ఉంటుంది. ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు అప్పు చేసి కొని నడిపే అంబులెన్స్ వాటికి పెద్దగా కనిపించదు. రవాణా శాఖ బండిని చూస్తుంది, వైద్య శాఖ ఆసుపత్రిని చూస్తుంది. ఛార్జీని ఎవరూ చూడరు.

ఇంకో చిన్న విషయం. రోగిని అంబులెన్స్‌లో తీసుకెళ్లడానికి జీఎస్టీ లేదు, పూర్తి మినహాయింపు ఉంది. మన మీద భారం తగ్గించే మంచి నిర్ణయమే అది. కానీ పన్ను లేని చోట వరుస నంబర్లతో బిల్లు పుస్తకం పెట్టే అలవాటు కూడా ఏర్పడలేదని నా అనుమానం. మీకిచ్చిన అంబులెన్స్ బిల్లులో ఎవరైనా జీఎస్టీ వేస్తే మాత్రం అది ఎందుకో గట్టిగా అడగండి.

"108 ఉంది కదా" అని మీరు అనవచ్చు. ఉంది, దాని గురించి మనం గర్వపడాలి కూడా. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవే తర్వాత ఎన్నో రాష్ట్రాలకు దారి చూపింది. అక్కడ రోగి రూపాయి కట్టక్కర్లేదు, ప్రభుత్వమే నిర్వాహక సంస్థకు కాంట్రాక్టు ప్రకారం చెల్లిస్తుంది. అంటే అక్కడ ధర మీద నియంత్రణ చట్టం ద్వారా కాదు, కాంట్రాక్టు ద్వారా జరుగుతోంది. కానీ 108 ప్రధానంగా ఇంటి నుంచో, ప్రమాదం జరిగిన చోటు నుంచో దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చే సేవ. ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి 135 కిలోమీటర్ల అవతల ఇంకో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు జనం గేటు దగ్గరి బండి వైపే చూస్తారు. మేమూ అదే చేశాం. పెద్ద బిల్లులు పుట్టేది ఈ రెండో ప్రయాణంలోనే.

ధరలు కట్టిన రోజులు

నియంత్రణ అసాధ్యమేమీ కాదని కోవిడ్ చూపించింది. 2020 సెప్టెంబరు 11న సుప్రీంకోర్టు, కోవిడ్ రోగుల అంబులెన్సులకు న్యాయమైన ధరలు నిర్ణయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. రెండో అల వచ్చేసరికి ఢిల్లీ ప్రభుత్వం 2021 మేలో పట్టిక ప్రకటించింది. మొదటి 10 కిలోమీటర్లకు మామూలు బండికి 1,500, బీఎల్ఎస్‌కు 2,000, ఏఎల్ఎస్‌కు 4,000, ఆపైన కిలోమీటరుకు 100. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో కోవిడ్ చికిత్స ధరల జీవోలోనే అంబులెన్సులనూ చేర్చింది. ఆక్సిజన్ ఉన్న బీఎల్ఎస్ బండికి కిలోమీటరుకు 75, కనీస ఛార్జీ 2,000. ఏఎల్ఎస్‌కు కిలోమీటరుకు 125, కనీసం 3,000.

ఈ అంకెలను మా బాబాయి ప్రయాణానికి పెట్టి చూశాను. ఒకవైపు దూరమే లెక్కేస్తే 135 కిలోమీటర్లకు 75 చొప్పున 10,125. అంటే మా దగ్గర ఎక్కువ తీసుకున్నది 5,875. ఇప్పుడు అసలు విషయం చూడండి. డ్రైవర్ ప్రభుత్వ ధరకే వచ్చి ఉంటే బీమా ఇచ్చిన 2,000 పోను మేం పెట్టుకోవాల్సింది 8,125. డ్రైవర్ ఎక్కువ తీసుకున్న దానికంటే బీమా మోయనిదే ఎక్కువ! ఈ లెక్క వేసేదాకా నా కోపమంతా డ్రైవర్ మీదే ఉండేది.

ఆ జీవో కోవిడ్ కోసం వచ్చింది. పక్షవాతానికి, గుండెపోటుకు, కాన్పుకు, పాముకాటుకు అలాంటి పట్టిక ఎందుకు ఉండకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కేరళ ఆ పని చేసింది. 2024లో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు అంబులెన్సులకు రకాన్ని బట్టి ఛార్జీలు ప్రకటించింది. ఐసీయూ సౌకర్యం ఉన్న డీ రకానికి కనీస ఛార్జీ 2,500, ఆపైన కిలోమీటరుకు 50, మొదటి గంట దాటాక వెయిటింగ్‌కు గంటకు 350. సీ రకానికి కనీసం 1,500, కిలోమీటరుకు 40. ఈ పట్టిక బండిలో కనిపించేలా పెట్టాలన్నారు. పర్మిట్ మినహాయింపు ఉన్నా రాష్ట్రం తలుచుకుంటే చేయవచ్చని దీంతో తేలింది.

అయితే పట్టిక ఒక్కటే సరిపోతుందని నేను అనను. బండి నడిపేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వచ్చిన బండి ఖాళీగా వెనక్కి పోతుంది. ఆ తిరుగు ప్రయాణం డీజిలు ఎవరిది? పట్టికలో రాసిన కిలోమీటరు ఒకవైపుదా, రెండువైపులదా? ఈ ఒక్క మాట స్పష్టంగా రాయకపోతే ప్రతి ప్రయాణం చివర్లోనూ గొడవే. బండిలో శిక్షణ ఉన్న టెక్నీషియన్‌ను పెడితే జీతం ఇవ్వాలి. రాత్రి రెండు గంటలకు పిలిచినా రావాలంటే ఇద్దరు డ్రైవర్లు కావాలి. ధర మరీ తక్కువ పెడితే బండ్లు మాయమవుతాయి, లేదా ఏఎల్ఎస్ అని రాసి ఉన్న బండిలో వెంటిలేటర్ పనిచేయదు. పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతం నుంచి విశాఖ దాకా ఘాట్ రోడ్డు మీద దిగే బండికీ, హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద పోయే బండికీ ఒకే రేటు పెట్టడం కూడా న్యాయం కాదు.

గేటు ఎవరిది

ధర గురించి మాట్లాడుతూ గేటు గురించి మాట్లాడకపోతే సగం నిజమే చెప్పినట్టు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో జరిగింది మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అన్నమయ్య జిల్లా చిట్వేలు ప్రాంతానికి చెందిన ఒక పిల్లవాడు అక్కడ చనిపోయాడు. శవాన్ని ఊరికి తీసుకెళ్లడానికి ఆసుపత్రి దగ్గరి అంబులెన్స్ డ్రైవర్లు అడిగినంత ఇవ్వలేని తండ్రి బయటి నుంచి వేరే బండి ఏర్పాటు చేసుకున్నాడు. ఆ బండిని లోపలికి రానివ్వలేదు. ఆ తండ్రి బిడ్డ శవాన్ని బైక్ మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. తర్వాత డ్రైవర్లను అరెస్టు చేశారు, ఆసుపత్రి అధికారి మీద సస్పెన్షన్ వేటు పడింది, ప్రీపెయిడ్ విధానం తెస్తామన్న మాటలు వినిపించాయి.

ఆ రోజు అక్కడ తక్కువ ధరకు వచ్చే బండి ఉంది. దానికి లోపలికి దారి లేదు. గేటు ముందు స్టాండు కొందరి చేతిలో ఉన్నప్పుడు ధర వాళ్లు చెప్పిందే. కొన్నిచోట్ల రోగిని చూపించినవాళ్లకూ చేర్చుకున్నవాళ్లకూ కమిషన్ పోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లే చెబుతారు. ఆ కమిషన్ కూడా చివరికి రోగి కట్టే బిల్లులోంచే వస్తుంది. కాబట్టి ధరల పట్టికతో పాటు, రోగి బంధువులు పిలిచిన ఏ అంబులెన్స్‌నైనా ఆసుపత్రి లోపలికి రానివ్వాలన్న నియమం ఉండాలి, అడ్డుకుంటే బాధ్యత ఆసుపత్రిది కావాలి. రైల్వే స్టేషన్ దగ్గర ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ ఉన్నట్టు పెద్ద ఆసుపత్రుల్లో ప్రీపెయిడ్ అంబులెన్స్ కౌంటర్ ఉంటే బేరం, గేటు, బిల్లు మూడూ ఒకేచోట తేలిపోతాయి.

బీమా లెక్క వేరే

ఇక బీమా. ఇక్కడ కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే చాలామంది "నా పాలసీలో అంబులెన్స్ కవర్ ఉంది" అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉంటారు.

2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని ఆరోగ్య బీమా కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన పాలసీ పేరు ఆరోగ్య సంజీవని. మొదటిసారి బీమా తీసుకునే మధ్యతరగతి ఇంటికి ఇది మంచి పాలసీయే. అందులో రోడ్డు అంబులెన్స్‌కు ఒక్కసారి ఆసుపత్రిలో చేరినందుకు గరిష్ఠంగా 2,000 అని ఉంటుంది. దూరంతో పనిలేదు, బండి రకంతో పనిలేదు. ప్రతి క్లెయిమ్‌లోనూ 5 శాతం మనమే పెట్టుకోవాలన్న షరతు కూడా ఉంది, ఆ లెక్కన చేతికి వచ్చేది 1,900.

తెలంగాణ 2021 పట్టిక ప్రకారం ఆక్సిజన్ బండి కనీస ఛార్జీయే 2,000. కిలోమీటరుకు 75 చొప్పున ఆ డబ్బు 26 కిలోమీటర్లకు అయిపోతుంది. వెంటిలేటర్ బండి అయితే కనీస ఛార్జీ 3,000, అంటే ఎక్కిన క్షణానికే పరిమితి దాటిపోయింది. హైదరాబాద్‌లో ఉండేవాడికి 26 కిలోమీటర్లలో డజను పెద్ద ఆసుపత్రులుంటాయి. ఆదిలాబాద్‌లో ఉండేవాడు హైదరాబాద్ రావాలంటే 300 కిలోమీటర్లు, 75 చొప్పున 22,500. ఇద్దరికీ ప్రీమియం తేడా లేకపోవచ్చు, వచ్చేది మాత్రం అదే 2,000. దూరంగా ఉన్నవాడికి అంబులెన్స్ అవసరం ఎక్కువ, బీమా సాయం తక్కువ. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే విషయం.

ఖరీదైన పాలసీలు కొన్ని ఇప్పుడు రోడ్డు అంబులెన్స్‌ను మొత్తం బీమా సొమ్ము దాకా కవర్ చేస్తున్నాయి. వాటిలోనూ ఒక షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆసుపత్రిలో చేరిన క్లెయిమ్ ఆమోదం పొందితేనే అంబులెన్స్ డబ్బు వస్తుంది. అంటే బీమా అంబులెన్స్ ప్రయాణాన్ని విడిగా చూడదు, చికిత్సకు తోకలా చూస్తుంది. ఛాతీ నొప్పి అని రాత్రి అంబులెన్స్‌లో తీసుకెళ్తే, ఈసీజీ తీసి గ్యాస్ నొప్పి అని మూడు గంటల్లో పంపించేశారనుకోండి. అడ్మిషన్ లేదు, కాబట్టి అంబులెన్స్ డబ్బూ లేదు. దారిలోనే ప్రాణం పోతే? ఆసుపత్రి రికార్డులో "చేరేసరికే మృతి" అని రాస్తారు. అక్కడా అడ్మిషన్ లేదు. ప్రాణం కాపాడటానికి ఎంత పరుగెత్తినా, ఆ పరుగు ఖర్చు ఆ ఇంటి మీదే పడుతుంది. ఈ ఒక్క షరతునైనా ఐఆర్‌డీఏఐ మార్చాలి, క్యాజువాలిటీ దాకా చేరినట్టు రుజువుంటే చాలనాలి.

క్యాష్‌లెస్ అంటే అంబులెన్స్ కూడా అందులోనే అనుకోవడం ఇంకో పొరపాటు. ఆసుపత్రి సొంత బండి అయి, దాని ఛార్జీ ఆసుపత్రి బిల్లులోనే ఉంటే సరే. బయటి బండి అయితే డబ్బు అప్పటికప్పుడు మనం కట్టాలి, డిశ్చార్జ్ తర్వాత విడిగా క్లెయిమ్ పెట్టుకోవాలి. ఆరోగ్య సంజీవనిలో దానికి డిశ్చార్జ్ అయిన నాటి నుంచి 30 రోజుల గడువు. రోగి ఇంటికొచ్చిన హడావిడిలో ఈ చిన్న క్లెయిమ్ ఎవరికీ గుర్తుండదు.

బిల్లు రాసే తీరులో కూడా ఒక చిక్కు ఉంది. ఆరోగ్య సంజీవనితో పాటు వచ్చే "చెల్లించని వస్తువుల" జాబితాలో డైపర్లు, క్యారీ బ్యాగుల పక్కనే అంబులెన్స్ కాలర్, అంబులెన్స్ ఎక్విప్‌మెంట్ అని ఉంటాయి. డ్రైవర్ "బండి ఛార్జీ ఇంత, పరికరాలకు ఇంత" అని విడగొట్టి రాస్తే రెండో భాగాన్ని కొట్టేయవచ్చు. ఒకే ప్రయాణానికి ఒకే ఛార్జీగా రాయించుకోవడం మంచిది.

రోడ్డు ప్రమాదాలకు దారి వేరు. మోటారు వాహనాల చట్టం 162వ సెక్షన్ కింద కేంద్రం 2025 మేలో క్యాష్‌లెస్ చికిత్స పథకం తెచ్చింది, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఒక్కొక్కరికి ఏడు రోజుల దాకా 1.5 లక్షల వరకు చికిత్స. ప్రమాద నష్టపరిహారం కేసుల్లో ట్రిబ్యునళ్లు రవాణా ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. కానీ అక్కడా అడిగేది బిల్లే.

ఈ తలనొప్పి మనకొక్కరికే లేదు. అమెరికాలో అనుకోని వైద్య బిల్లుల నుంచి కాపాడే నో సర్‌ప్రైజెస్ చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఎయిర్ అంబులెన్సులను చేర్చారు, రోడ్డు అంబులెన్సులను వదిలేశారు. అక్కడ చాలా ఊళ్లలో అంబులెన్సులు నడిపేది స్థానిక అగ్నిమాపక శాఖలు, కౌంటీలు. రేట్లూ అవే పెట్టుకుంటాయి, కాబట్టి దేశమంతటికీ ఒకే నియమం కుదరలేదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు సొంత చట్టం చేసుకున్నాయి. 2024 నుంచి అక్కడ రాష్ట్ర నియంత్రణలో ఉన్న బీమా ఉన్నవాళ్లు, బండి తమ బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లో లేకపోయినా ఉన్నట్టే లెక్కగట్టి తమ వాటా మాత్రమే కడితే చాలు. పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కు నో సర్‌ప్రైజెస్ చట్టం రక్షణ వర్తించదు. అందుకే కొనేముందు అంబులెన్స్‌కు ఒక స్థిరమైన మొత్తమే ఇస్తారా, బిల్లులో శాతం ఇస్తారా అని ఆ పిల్లలు అడగాలి.

రేటు, బిల్లు, పరిమితి ముడిపడితే

నా దృష్టిలో రాష్ట్రాలు చేయాల్సిన మొదటి పని రకాన్ని బట్టి రేటు ప్రకటించడం, తిరుగు ప్రయాణం సంగతి అందులోనే తేల్చడం. రెండోది ఐఆర్‌డీఏఐ చేయాలి. కనీస ప్రామాణిక పాలసీలోనైనా 2,000 అన్న అంకె తీసేసి, "ప్రయాణం జరిగిన రాష్ట్రం ప్రకటించిన రేటు ప్రకారం, దగ్గర్లో తగిన చికిత్స దొరికే ఆసుపత్రి దాకా" అని రాయాలి. అప్పుడు డ్రైవర్‌కు ఎక్కువ అడగడానికి కారణం తగ్గుతుంది, బీమా కంపెనీకి మోసపు బిల్లుల భయం తగ్గుతుంది. రాష్ట్రం రేటు కట్టకపోతే బీమా పరిమితి పెంచినా ధరలు దాన్ని చూసి పెరుగుతాయి. బీమా మారకపోతే రేటు కట్టినా పేదవాడి అప్పు తీరదు. అందుకే రెండూ కలిసి రావాలంటున్నాను.

బిల్లు విషయంలో మాత్రం కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ బిల్లులో ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా, వరుస సంఖ్య, తేదీ, వినియోగదారు పేరు, సేవ వివరం, మొత్తం, సంతకం ఉండాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. అంబులెన్స్‌కు వీటితో పాటు బండి నంబరు, రకం, ఎక్కడి నుంచి ఎక్కడికి, బయల్దేరిన సమయం, చేరిన సమయం రాయించుకోండి. బండి నంబరును పరివాహన్ యాప్‌లో కొడితే అది అంబులెన్స్‌గా రిజిస్టర్ అయిందో లేదో తెలుస్తుంది. మామూలు వ్యానుగా ఉంటే బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇవన్నీ గుర్తుండవు, నాకు తెలుసు. అందుకే రోగి పక్కన కూర్చున్నవాళ్లు కాదు, ఇంటి దగ్గర ఫోన్ పట్టుకుని ఉన్న ఇంకొకరు ఈ పని చూసుకోవాలి. బండి ముందు భాగం ఫోటో ఒకటి తీసి పంపించమంటే చాలు. డబ్బు నగదుగా కాకుండా ఫోన్‌లో పంపితే తేదీ, సమయం అందులోనే ఉంటాయి. కిందటి ఆసుపత్రి ఇచ్చిన రిఫరల్ కాగితం కూడా జాగ్రత్త చేయండి. మెరుగైన చికిత్స కోసమే తరలించారని రుజువు చేసేది అదే.

బిల్లు ఇవ్వనంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విషయాలకు ఫీజు లేదు. బీమా కంపెనీ కారణం చెప్పకుండా కోత పెడితే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోగా, బీమా ఫిర్యాదులను తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు.

పాలసీ రెన్యువల్‌కు ముందు అంబులెన్స్ నిబంధన ఉన్న పేజీ ఒకసారి తీసి చదవండి. పరిమితి ఒక్కో అడ్మిషన్‌కా, ఏడాది మొత్తానికా? ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి మార్చితే వర్తిస్తుందా, ఇంటి నుంచి వెళ్లినప్పుడేనా? మీ ఊరి నుంచి గుండె, మెదడు చికిత్సలు దొరికే దగ్గరి పట్టణం ఎన్ని కిలోమీటర్లో దాని పక్కన రాసుకోండి. మా పిన్ని ఇంట్లో ఈసారి రెన్యువల్‌కు తమ్ముడు పాలసీ మీద 135 అని పెన్సిల్‌తో రాసి, ఏజెంట్‌ను పిలిచి కూర్చోబెట్టి, అంబులెన్స్ పరిమితి ఎక్కువ ఉన్న పాలసీకి మార్పించాడు. ప్రీమియం కొంత పెరిగింది. బాబాయి పాత పాలసీలో గడిపిన వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం, కొత్తదానిలోకి బదిలీ అయ్యేలా పోర్టింగ్ దరఖాస్తును గడువుకు ముందే పెట్టారు.